మూర్ఛకు మూలము - పసి మెదడు

పసిబిడ్డకు జ్వరము తగిలి, కనుగ్రుడ్లు తేలవైచి, కాలుసేతులు కొట్టుకొనినపుడు ఇంటిల్లిపాదియు తల్లడిల్లుదురు. బిడ్డ తేరుకొనిన పిమ్మట ఒక్క ప్రశ్న మిగులును: ఇది ఎందువలన కలిగినది?

దానికి లోకము చెప్పిన సమాధానములు పెక్కు. గ్రహబాధ యనిరి, దృష్టిదోష మనిరి, పూర్వజన్మ పాప మనిరి. కడుపుతో నున్ననాడు తల్లి చేసిన అపచార మనియు నిందించిరి. అయినను క్రీస్తునకు పూర్వము 400 ప్రాంతముననే, హిపోక్రటీసు సంప్రదాయమునకు చెందిన గ్రీకు వైద్యగ్రంథ మొకటి, జనులు పవిత్రరోగమని పిలుచు ఈ వ్యాధికి తక్కిన వ్యాధులకు లేని దైవత్వ మేదియు లేదనియు, దాని స్థానము మెదడే యనియు చాటెను. 1873లో లండను వైద్యుడు జాన్ హ్యూలింగ్స్ జాక్సన్, మెదడులోని ధూసర పదార్థమున శక్తి ఆకస్మికముగా, మితిమీరి వెలువడుటయే మూర్ఛ యని నిర్వచించెను. 1929లో జర్మనీలోని జేనా నగరమునకు చెందిన హాన్స్ బెర్గర్ మానవుని మెదడులోని విద్యుత్తరంగముల లిఖితమును ప్రకటించిన పిమ్మట, ఆ అలజడిని కంటితో చూచుటయు సాధ్యమయ్యెను.

ఇట్లు 'ఎక్కడ' అను ప్రశ్నకు జవాబు దొరికెను. 'ఎందుకు' అనునది మిగిలెను. అందును, ఈ వ్యాధి బాల్యపు తొలి సంవత్సరముననే ఏల అధికముగా తలయెత్తునను ప్రశ్న మఱింత జటిలమైనది.

మెదడునందలి నాడీకణములు ముఖ్యముగా రెండు విధములు. కొన్ని తోడికణములను ఉత్తేజపరచును, కొన్ని నిగ్రహించును. మొదటివి పరువెత్తు గుఱ్ఱములైనచో, రెండవవి కళ్ళెములు. ఈ రెంటి పొందిక తప్పినపుడే మూర్ఛ. పెద్దవారి మెదడులో గాబా అను రసాయనము కళ్ళెము పని చేయును. కాని 1989లో పారిస్ నగరమున యెహెజ్కెల్ బెన్-ఆరీయు, ఆయన సహచరులును అప్పుడే పుట్టిన ఎలుకపిల్లల మెదడును పరీక్షింపగా, అదే గాబా అక్కడ కణములను రెచ్చగొట్టుచుండెను. లేత కణములలో క్లోరైడు అధికముగా నిలువ యుండుటయే ఇందుకు కారణము. దానిని వెలికి నెట్టు ప్రోటీను ఎదిగినకొలది గాని సమృద్ధిగా ఏర్పడదు. మెదడు అల్లికకు ఆ ఉత్తేజము అవసరమే. కాని లేత మెదడు సులభముగా మూర్ఛకు లోనగుటకును అది తోడ్పడును. శిశువు మెదడు పెద్దల మెదడునకు చిన్న నమూనా కాదని ఇందువలన తెలియుచున్నది.

ఈ విషయమును మఱింత స్పష్టపరచునది డ్రావె వ్యాధి చరిత్రము. 1978లో ఫ్రాన్సు దేశపు వైద్యురాలు షార్లొట్ డ్రావె దీనిని ప్రత్యేకముగా గుర్తించి వర్ణించెను. బిడ్డ ఆరోగ్యముతో పుట్టును, నవ్వును, బోరగిలపడును. ఇంచుమించు ఆఱవ నెలలో, తఱచు జ్వరముతో కూడి, తొలి మూర్ఛ వచ్చును. అది ఒక్కొక్కప్పుడు అరగంట గడచినను విడువదు. రెండవ యేటినుండి మాటయు, నడకయు వెనుకబడును.

2001లో బెల్జియము పరిశోధకులు ఈ వ్యాధిగల ఏడుగురిని పరీక్షింపగా, ఏడుగురిలోను ఎస్‌సిఎన్1ఎ అను జన్యువునందు లోపము కనబడెను. తల్లిదండ్రులలో ఆ లోపము లేదు. బిడ్డయందే క్రొత్తగా ఏర్పడినది.

ఇచట ఒక చిక్కు వచ్చెను. నాడీకణములోనికి సోడియమును విడుచు ద్వారమును నిర్మించునది ఈ జన్యువు. ఆ ద్వారము తెఱచుకొనిననే కణము స్పందించును. ద్వారములు తగ్గినచో మెదడు మందగింపవలెను గాని పెట్రేగనేల? 2006లో అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున విలియం కాటరాల్ బృందము ఈ ముడిని విప్పెను. లోపముగల ఎలుకలలో ఉత్తేజక కణములు యథాప్రకారము పనిచేయుచుండెను. నిగ్రహించు కణములే బలహీనపడెను. గుఱ్ఱము మదింపలేదు, కళ్ళెము సడలినది. పుట్టిననాటికి వేరొక రకపు సోడియం ద్వారములు కొంత పని నడుపుచుండును. అవి తగ్గి, భారము ఈ ద్వారములపై పడు కాలముననే వ్యాధి బయటపడునని శాస్త్రజ్ఞుల అభిప్రాయము.

కారణము తెలియుట వలన చికిత్స మారినది. మూర్ఛకు వాడు కార్బమజెపిన్ వంటి కొన్ని మందులు సోడియం ద్వారములనే మూయును. పలువురికి మేలుచేయు ఆ మందు ఈ బిడ్డల వ్యాధిని మఱింత ప్రకోపింపజేయగలదు.

అంతకు మించిన మేలు మఱియొకటి కలిగినది. కోరింతదగ్గు టీకా వేయించిన కొలదికాలమునకే మూర్ఛ ఆరంభమైన బిడ్డల తల్లిదండ్రులు, టీకాయే మెదడును చెఱచినదని యేండ్ల తరబడి నమ్మిరి; వేయించినందులకు తమ్ము తామే నిందించుకొనిరి. 2006లో ఆస్ట్రేలియా వైద్యుడు శామ్యూల్ బెర్కొవిక్ బృందము అట్టివారిని 14 మందిని పరీక్షింపగా, 11 మందిలో అదే జన్యులోపము తేలెను. టీకావలన వచ్చిన జ్వరము తొలి మూర్ఛను ముందుకు తెచ్చియుండవచ్చును. వ్యాధికి బీజము మాత్రము బిడ్డ పుట్టుకకు ముందే పడినది.

బాలల మూర్ఛ లన్నింటికిని జన్యువే మూలము కాదు. కాన్పువేళ ప్రాణవాయువు అందకపోవుట, మెదడుపొరల వాపు, తలదెబ్బ, మెదడు నిర్మాణలోపము కూడ కారణములే. తరగతిలో విద్యార్థి మూర్ఛిల్లినపుడు ఉపాధ్యాయుడు చేయవలసిన దొకటే: పక్కకు ఒత్తిగిలజేసి, గడియారము చూచుచు కనిపెట్టియుండుట, అయిదు నిమిషములు దాటినచో వెంటనే వైద్యసహాయము పొందుట. నోట ఏమియు పెట్టరాదు. మెదడులోని అలజడిని గుప్పిటిలోని తాళపుచెవి ఆపజాలదు.

ప్రపంచమున మూర్ఛరోగులు ఇంచుమించు 5 కోట్లమంది; వారిలో దాదాపు సగమందికి కారణము నేటికిని తేలలేదు. ఆ యిండ్లలో తొలి ప్రశ్న యింకను జవాబునకై ఎదురుచూచుచునే యున్నది. అంతవరకు తల్లిపై నేరము మోపుటకు మాత్రము ఎవ్వరికిని ఆధారము లేదు.