మందగించిన బెట్టా: మందుకు ముందు నీటి పరీక్ష

హనుమాన్ జంక్షన్ పరిసరాలలో చేపల చెరువుల గురించి తెలియనివారు అరుదు. అయినా ఇంట్లో గాజు సీసాలోని బెట్టా చేప మేత మాని అడుగున పడి ఉంటే, చెరువు నేర్పిన పాఠం ఎవరికీ గుర్తుకు రాదు.

థాయ్‌లాండ్ ప్రాంతపు వరి మడులు, లోతులేని గుంటలు బెట్టాకు సహజ ఆవాసాలు. కొర్రమేను వలె ఇదీ ఉపరితలానికి వచ్చి గాలిని పీల్చుకోగలదు. అందుకే సీసాలో పెట్టి అమ్ముతారు. అయితే ఈ సామర్థ్యం ప్రాణవాయువు కొరతను మాత్రమే తీరుస్తుంది. విసర్జితాలు, మిగులు మేత వల్ల ఏర్పడే అమ్మోనియా నుండి రక్షించదు. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద నీటి ఉదజని సూచిక 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషరూపం సుమారు 0.6 శాతం, సూచిక 8 అయితే 5 శాతం దాటుతుంది. క్షారగుణం గల బోరు నీరు వాడేవారు దీనిని ప్రత్యేకంగా గమనించాలి.

మరొక కారణం చలి. బెట్టాకు 25-28 డిగ్రీలు అనుకూలం. డిసెంబరు, జనవరి రాత్రులలో అర లీటరు నీరు త్వరగా చల్లబడి చేప జీర్ణక్రియ, కదలిక మందగిస్తాయి. కనీసం 10 లీటర్ల తొట్టి, చిన్న హీటరు అవసరం.

అమ్మోనియా కనిపిస్తే నాలుగవ వంతు నీటిని, అదే ఉష్ణోగ్రత గల క్లోరిన్ లేని నీటితో మార్చాలి. పొట్ట ఉబ్బితే ఒకటి రెండు రోజులు మేత ఆపవచ్చు. చెరువుల అలవాటు కొద్దీ వెంటనే యాంటిబయాటిక్ వేయడం తగదు. అది వడపోతలోని మేలుచేసే బాక్టీరియాను దెబ్బతీసి అమ్మోనియాను మరింత పెంచవచ్చు. పొలుసులు నిక్కబొడుచుకున్నా, తెల్లమచ్చలు కనిపించినా మత్స్య నిపుణులకు చూపించాలి.