క్వాంటం వలయాలను కుదించుట

బీజగణితములో పెద్ద సమాసమును సూక్ష్మీకరింపుమన్నచో, అది వ్రాతపని తగ్గించుటకేనని విద్యార్థి తలచును. క్వాంటం కంప్యూటరులో ఆ పని చేయకున్న లెక్కయే తప్పిపోవచ్చును.

క్యూబిట్లపై జరుపు ఒక్కొక్క క్రియను గేటు అనియు, గేట్ల వరుసను వలయమనియు అందురు. (పేరు వలయమే గాని తిరిగి వచ్చుట లేదు, ఎడమనుండి కుడికి సాగిపోవును.) రెండు క్యూబిట్ల గేట్లలో ముఖ్యమైనది సీ-నాట్. మొదటి క్యూబిట్ 1 అయినచో ఇది రెండవదానిని తారుమారు చేయును. 0 అయినచో ముట్టదు. ఏ గేటుకైనను కొంత దోషము తప్పదు. నూటికొక తప్పు జరుగునని అనుకొందము. 90 గేట్ల వలయము తప్పులేక ముగియు అవకాశము 0.99 యొక్క 90వ ఘాతము, అనగా సుమారు 0.40. గేట్లను 45కు కుదించినచో అది 0.64 అగును.

అతివాహక క్యూబిట్ల యంత్రములు అనేకములలో ఇరుగుపొరుగు క్యూబిట్లకే సంబంధము గలదు. దూరపువాటిని చేరువ చేయుటకు స్థానములు మార్చవలెను. ఒక మార్పిడికి మూడు సీ-నాట్లు పట్టును. మొదటిదానిచే రెండవదానిని, రెండవదానిచే మొదటిదానిని, మరల మొదటిదానిచే రెండవదానిని మార్చినచో (1, 0) వరుసగా (1, 1), (0, 1), (0, 1) అగును. తక్కిన మూడు జతలను విద్యార్థులే సరిచూడవచ్చును. ఈ మార్పిడి వెనువెంటనే, మొదటిదానిచే రెండవదానిని మార్చు మరొక సీ-నాట్ ఉన్నదనుకొనుడు. మొత్తము నాలుగు. కాని చివరి రెండును ఒకటే గనుక ఒకదాని పని నొకటి చెరిపివేయును, రెండే మిగులును! మార్పిడిని రెండవ క్యూబిట్‌తో ఆరంభించి వ్రాసియున్నచో ఈ లాభము కంటికి కనిపించెడిది కాదు.

అట్టి దాగిన లాభములకే పునఃసంశ్లేషణము. రెండు క్యూబిట్లపై మాత్రమే పనిచేయు భాగమును వేరుచేసి, దాని మొత్తము ఫలితమును 4 వరుసలు, 4 నిలువులు గల సంఖ్యల పట్టికగా, అనగా మాత్రికగా వ్రాయుదురు. పిమ్మట పాత గేట్లను పూర్తిగా మరచి, ఆ మాత్రిక వచ్చునట్లు క్రొత్త వలయము కట్టుదురు. ఒంటి క్యూబిట్ గేట్లు తోడున్నచో, రెండు క్యూబిట్ల క్రియ ఏదైనను మూడు సీ-నాట్లతో సాధ్యమని 2004లో ప్రచురితమైన పత్రములు నిరూపించినవి. పాత భాగములో ఇరవై ఉన్నను మూడే చాలును.

అట్లయిన వలయమునంతను ఒకేసారి తిరిగి కట్టరాదా? క్యూబిట్ పెరిగినకొలది మాత్రిక వరుసలు రెట్టింపగును. 10 క్యూబిట్లకు 1,024. 50 క్యూబిట్లకు పదకొండు కోట్ల కోట్లకు పైబడును. కావున చిన్న చిన్న ముక్కలుగా కోయక తప్పదు. నా దృష్టిలో అసలు నేర్పు ఈ కోతలోనే గలదు. ఒకసారి కుదించిన పిమ్మట కోతగీతలను ప్రక్కకు జరిపి మరల కోసినచో, ముందు వేర్వేరు ముక్కలలో పడిన గేట్లు ఒకచోట చేరి మరికొన్ని రద్దగుట కద్దు.