బావి ఎండకముందే

అపోహ: భూమి లోపల చమురు చెరువులా నిలిచి ఉంటుంది. గొట్టం దించి తోడుకోవడమే తరువాయి.

ముడిచమురు ఉండేది రాతిలో. ముంబై తీరానికి దూరంగా, అరేబియా సముద్రం అడుగున ఉన్న ముంబై హై చమురు క్షేత్రాన్నే తీసుకుందాం. అక్కడి చమురు సున్నపురాయి పొరల్లోని సన్నని రంధ్రాల్లో ఇంకి ఉంది. బావి తవ్విన కొత్తలో లోపలి ఒత్తిడే దాన్ని పైకి నెడుతుంది. ఆ ఒత్తిడి తగ్గాక నీటిని లోపలికి ఎక్కించి నెట్టాలి. కొన్నాళ్లకు ఆ నీరే చమురుతో కలిసి పైకి వస్తుంటుంది. ఇంత శ్రమపడ్డా ప్రపంచంలోని క్షేత్రాల్లో సగటున దాదాపు మూడో వంతే చేతికొస్తుంది, మిగతాది రాతిని వదలదు. ముంబై హై 1974లో బయటపడింది. దాని పుణ్యమా అని 1980ల మధ్యలో మన అవసరాల్లో సగానికి మించి స్వదేశీ చమురే తీర్చింది. ఆ దశాబ్దం చివర్లో ముంబై హై ఉత్పత్తి శిఖరానికి చేరి, దిగడం మొదలైంది. ఇప్పుడు దేశం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతే. చమురు క్షేత్రం రాత్రికి రాత్రి ఎండిపోదు. ఏటా కొంత తగ్గుతూ, తీసే ప్రతి బారెల్‌కూ ఖర్చు పెంచుతూ పోతుంది.

అపోహ: డైనోసార్ల కళేబరాలే చమురయ్యాయి.

కాదు. పాత సముద్రాల్లో తేలిన నాచు, సూక్ష్మజీవులు అడుగున పేరుకుని, ఒండ్రు కింద పూడిపోయి, వేడికీ ఒత్తిడికీ లక్షల, కోట్ల ఏళ్లలో చమురుగా మారాయి. ప్రపంచం ఇప్పుడు రోజుకు సుమారు 10 కోట్ల బారెళ్లు వాడుతోంది. కొత్తది ఊరుతుందిలే అనుకోవడానికి ఇక్కడ తావే లేదు.

అపోహ: ఓడ ప్రమాదాలు జరిగితేనే చమురు కాలుష్యం.

2017 జనవరి 28న చెన్నై దగ్గర ఎన్నూరు రేవు బయట రెండు ఓడలు ఢీకొన్నాయి. ఒడ్డుకు చేరిన చిక్కటి నూనెను మనుషులు బకెట్లతో ఎత్తిపోశారు. ఆ దృశ్యం గుర్తుండాల్సిందే. అయితే ఉత్తర అమెరికా తీర జలాల్ని పరిశీలించిన శాస్త్రవేత్తలు, మనుషుల వల్ల సముద్రంలో చేరే చమురులో నేల మీంచి కొట్టుకొచ్చేదే ఎక్కువని తేల్చారు. మన మెకానిక్ షెడ్డు పక్కన మురిక్కాలువలో పారబోసే పాత ఇంజిన్ ఆయిల్ దారి కూడా అదే. శుద్ధి చేసి మళ్లీ వాడుకోదగ్గ సరుకును అలా కాలువపాలు చేయడం చూస్తే బాధేస్తుంది.

కళ్లకు కనపడని కాలుష్యం ఇంకా పెద్దది. లీటరు పెట్రోలు ముప్పావు కిలో తూగుతుంది. అది కాలితే దాదాపు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ముప్పావు కిలోలోంచి అంత బరువు ఎలా వస్తుందని చాలామంది నమ్మరు. పెట్రోలులోని కార్బన్ కాలేటప్పుడు గాలిలోని ఆక్సిజన్‌ను కలుపుకుంటుంది. పెరిగిన బరువు ఆ ఆక్సిజన్‌దే.

అపోహ: ఇంకో యాభై ఏళ్లకు చమురు అయిపోతుంది. దాంతో ఈ బెడదా తీరుతుంది.

అన్నిటికన్నా ప్రమాదకరమైన నమ్మకం ఇది. ఆ యాభై, రుజువైన నిల్వల్ని ఏడాది ఉత్పత్తితో భాగిస్తే వచ్చే అంకె. రుజువైన నిల్వ అంటే ఇవాళ్టి ధరకు, ఇవాళ్టి సాంకేతికతతో తీయగలిగినంత. ధర పెరిగినా, కొత్త పద్ధతి వచ్చినా అంకె మారిపోతుంది. 1980లో ఇదే లెక్క కడితే సుమారు 30 ఏళ్లు వచ్చింది. నలభై ఏళ్లు తోడుకున్నాక, 2020లో 50 దాటింది. అమెరికా ఉత్పత్తి 1970 నాటికి శిఖరానికి చేరుతుందని భూభౌతిక శాస్త్రవేత్త ఎం. కింగ్ హబ్బర్ట్ 1956లోనే చెప్పాడు. అలాగే జరిగింది. కానీ షేల్ రాతిని పగలగొట్టి చమురు తీయడం మొదలయ్యాక, 2018లో ఆ దేశం పాత శిఖరాన్ని దాటేసింది.

చమురుకు హద్దు ఉన్న మాట నిజమే. గాలి మోయగలిగిన కార్బన్‌కూ హద్దుంది, ముందు ముంచుకొచ్చేది అదే. భూతాపం పెరుగుదలను 2 డిగ్రీల లోపు ఆపాలంటే ప్రపంచ చమురు నిల్వల్లో మూడో వంతును 2050 దాకా తీయకుండా వదిలేయాలని లండన్ యూనివర్సిటీ కాలేజ్ పరిశోధకులు 2015లో లెక్కగట్టారు. అలా వదిలేయాల్సిన చమురు ఎక్కడుందో ఇప్పటికే కనిపెట్టేశాం.