తీగ ఒకరిది, తోలు ఒకరిది

బ్యాండ్ అనగానే కనీసం నలుగురైనా కళ్లముందు మెదులుతారు. పాడేవాడొకడు, గిటారుకొకడు, బేస్‌కొకడు, డ్రమ్స్‌కొకడు. అమెరికాలో ఒహాయో రాష్ట్రం ఏక్రన్‌లో 2001లో ఇద్దరు కుర్రాళ్లు ఈ లెక్కను సగానికి కోసేశారు. డాన్ ఆయర్‌బాక్ గిటారు వాయిస్తూ తనే పాడతాడు, పాట్రిక్ కార్నీ డ్రమ్స్ బాదుతాడు. ‘ది బ్లాక్ కీస్’ అంటే ఆ ఇద్దరే. 2025 ఆగస్టు 8న వచ్చిన ‘నో రెయిన్, నో ఫ్లవర్స్’ వాళ్ల పదమూడో ఆల్బమ్. ఇందులో పక్కవాద్యాలూ, పాట రాయడంలో చెయ్యి వేసినవాళ్లూ బాగానే చేరారు గానీ, కుదురు మాత్రం ఆ తీగా ఆ తోలే. జంషెడ్‌పూర్ వాళ్లకు ఈ జోడీ కథ వింటే ఎక్కడో విన్నట్టే ఉంటుంది. ఎందుకో చూడండి.

◆ ముందు పేరు సంగతి. ఏక్రన్‌లో ఆల్‌ఫ్రెడ్ మెక్‌మోర్ అనే చిత్రకారుడు ఉండేవాడు. మనసుకు జబ్బు. ఈ కుర్రాళ్ల ఇళ్లకు ఫోన్ చేసి ఏవేవో సందేశాలు వదిలేవాడు. ఎవరిమీదైనా కోపమొస్తే వాళ్లను పియానో మీది ‘నల్ల మెట్టు’ అని తిట్టేవాడు. ‘డి ఫ్లాట్’ అని విడమరిచి మరీ తిట్టిన రోజులూ ఉన్నాయి. మన హార్మోనియం లెక్కలో అది ఒకటిన్నర శ్రుతి. తిట్టులో కూడా శ్రుతి చూసుకున్న మనిషి! ఆ తిట్టే బ్యాండ్ పేరైంది.

◆ ఏక్రన్ టైర్ల ఊరు. గుడ్‌ఇయర్, ఫైర్‌స్టోన్, గుడ్‌రిచ్, జనరల్ టైర్ అన్నీ అక్కడివే. జంషెడ్‌పూర్ ఉక్కు ఊరు. టాటావారి కంపెనీ 1907లో పుట్టింది, 1912 ఫిబ్రవరి 16న తొలి ఉక్కు దిమ్మ బయటికొచ్చింది, 1919లో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ సాక్చి గ్రామానికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. ఏక్రన్‌లో టైర్ల పని చాలావరకు తరలిపోయింది. జంషెడ్‌పూర్ కొలిమి మాత్రం ఇంకా మండుతూనే ఉంది. బ్లాక్ కీస్ 2004లో తెచ్చిన ఆల్బమ్ పేరు ‘రబ్బర్ ఫ్యాక్టరీ’. పేరుకే కాదు, మూతపడ్డ జనరల్ టైర్ కార్ఖానాలోనే దాన్ని రికార్డు చేశారు. ఆ భవనం ఇప్పుడు లేదు.

అంతకుముందు ఏడాది వచ్చిన ‘థిక్‌ఫ్రీక్‌నెస్’ కథ ఇంకా బాగుంటుంది. కార్నీ ఇంటి నేలమాళిగలో పాత టేపు యంత్రం పెట్టుకుని, ఏకబిగిన 14 గంటల్లో దాదాపు మొత్తం వాయించేశారు. టాటా కంపెనీలో 1912 నుంచే ఎనిమిది గంటల పనిదినం. ఆ లెక్కన వీళ్లది డబుల్ డ్యూటీకి రెండు గంటలు తక్కువ.

◆ బ్లాక్ కీస్ వాయించే బ్లూస్ గుట్టంతా ఉక్కు తీగలో ఉంది. మిసిసిపీ పత్తి చేలల్లో చాకిరీ చేసిన నల్లజాతివారి పాట అది. స్వరానికీ స్వరానికీ నడుమ జారడమే దాని ప్రాణం. 1903 ప్రాంతంలో డబ్ల్యూ.సి. హ్యాండీ అనే సంగీతకారుడు టట్‌వైలర్ అనే చిన్న రైల్వే స్టేషన్‌లో రైలు కోసం కాచుకుని కునికిపాట్లు పడుతుంటే, పక్కన ఎవరో చిరుగుల బట్టల మనిషి చాకుతో గిటారు తీగల్ని ఒత్తి జారుస్తూ పాడుతున్నాడట. అంత విచిత్రమైన సంగీతం ఎన్నడూ వినలేదని ఆయనే తర్వాత రాసుకున్నాడు. విచిత్రం ఆయనకు. వీణ తీగను పక్కకు లాగి గమకం పలికించడం చెవిన పడుతూ పెరిగిన మనకు అంత ఆశ్చర్యం ఉండదు.

గిటారు ఆరు తీగల మీదా కలిపి పడే లాగుడు 45 కిలోల నుంచి 80 కిలోల దాకా ఉంటుంది. బియ్యం బస్తా వేలాడదీసినంత. ఆ బరువు పట్టుకుంటూనే, వేలితో లాగితే వంగి, వదిలితే మళ్లీ శ్రుతికి రావాలి. అందుకే కర్బనం ఎక్కువున్న ఉక్కును ఒకదానికన్నా ఒకటి సన్నని రంధ్రాల్లోంచి చల్లగానే లాగి, సాగదీసి తీగ తీస్తారు. హౌరా వంతెనలోని 26,500 టన్నుల ఉక్కులో 23,000 టన్నులు టాటాలదే అని జంషెడ్‌పూర్ వాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. న్యాయమే. కానీ నన్నడిగితే, వంతెనను నిలబెట్టడం కన్నా వెంట్రుకలాంటి తీగను ఏడిపించడం కష్టం.

◆ బ్లూస్ వాయించాలంటే గిటారు కూడా అక్కర్లేదు. చీపురుకట్టకు చుట్టిన తీగ విప్పి, రెండు మేకులతో గోడకు బిగించి, కింద ఓ సీసా ఇరికించి మీటితే చాలు. దానికి ‘డిడ్లీ బో’ అని పేరు. మిసిసిపీ పిల్లలకు తొలి బడి అదే. ‘ది వైట్ స్ట్రైప్స్’ అనే ఇంకో గిటారు, డ్రమ్స్ జోడీలోని జాక్ వైట్, 2008 నాటి ‘ఇట్ మైట్ గెట్ లౌడ్’ డాక్యుమెంటరీ మొదట్లోనే ఓ చెక్కముక్క, మేకులు, కోకాకోలా సీసాతో అలాంటిదొకటి చేసి చూపిస్తాడు. జంషెడ్‌పూర్‌లో 1920లో మొదలైన ఇండియన్ స్టీల్ అండ్ వైర్ ప్రొడక్ట్స్ కంపెనీ చేస్తూ వచ్చింది సరిగ్గా అవే, తీగలూ మేకులూ. సీసా ఒక్కటి మనం తెచ్చుకుంటే సరి.

◆ ఈ వైట్ స్ట్రైప్స్ గురించి రెండు ముక్కలు. జాక్ అసలు ఇంటిపేరు గిలిస్. డ్రమ్స్ వాయించిన మెగ్ వైట్‌ను పెళ్లాడి భార్య ఇంటిపేరు తను పెట్టుకున్నాడు. విడిపోయాక కూడా లోకానికి మాత్రం అక్కాతమ్ముళ్లమని చెప్పుకున్నారు! 2003 నాటి వాళ్ల ‘సెవెన్ నేషన్ ఆర్మీ’ని ఫుట్‌బాల్ మైదానాల్లో వేలమంది గొంతెత్తి పాడుతుంటారు. అందులో బేస్ గిటారులా వినిపించేది బేస్ కాదు, కాలికింద పెడల్‌తో మంద్రానికి దించిన మామూలు గిటారే.

◆ ఇక తోలు. జంషెడ్‌పూర్ చుట్టుపక్కల సంతాలీ ఊళ్లలో డోళ్లు కూడా జంటగానే మోగుతాయి. గిన్నెలాంటి ‘తమక్’, రెండు వైపులా వాయించే ‘తుమ్‌దక్’. దగ్గర్లోని సరాయికేలాలో ఛౌ నాట్యానికి మోగే ‘ధమ్సా’ అయితే ఇనుప రేకుతో చేసిన పెద్ద గంగాళం, మూతికి తోలు. ఉక్కు ఊరి పక్కన ఇనుప డోలు, అంతకన్నా ఏం కావాలి! ఛౌను యునెస్కో 2010లో వారసత్వ కళగా గుర్తించింది.

సంతాలీల ‘బానం’ ఇంకా ముచ్చటైనది. ఒకే దుంగను తొలిచి, కింది భాగానికి తోలు మూసి, ఆ తోలు మీదుగా తీగ లాగి కమానుతో వాయిస్తారు. ఆఫ్రికా నుంచి బానిసల వెంట అమెరికా చేరిన బాంజోదీ ఇదే సూత్రం, తోలు మీద తీగ. బ్లూస్ గిటారుకు ముందు ఆ చేలల్లో మోగింది బాంజోయే.

◆ మన దేశంలో బ్లూస్ జోడీ అంటే షిల్లాంగ్ ‘సోల్‌మేట్’ పేరే ముందు చెప్పాలి. గిటారు రూడీ వాలాంగ్‌ది, గొంతు టిప్రితి ఖర్బంగర్‌ది. 2007లో మెంఫిస్‌లో జరిగే అంతర్జాతీయ బ్లూస్ పోటీకి వెళ్లారు.

జంషెడ్‌పూర్ తెలుగింటి గొంతు వేరే దారి పట్టింది. 1984లో అక్కడే పుట్టిన శిల్పారావు, నాన్న వెంకటరావు దగ్గరే సంగీతం మొదలుపెట్టింది. 2024లో ‘దేవర’ సినిమాలో ‘చుట్టమల్లే’ పాడింది ఆమే. ‘జవాన్’లోని ‘చలేయా’కు జాతీయ అవార్డు వచ్చింది. బ్లూస్ కాదు గానీ, ఆ బొంగురు జీర విన్నప్పుడల్లా ఓ ఆల్బమ్ అటువైపు చేస్తే బాగుండుననిపిస్తుంది. నా ఆశ నాది.

◆ జంషెడ్‌పూర్ తెలుగువారిలో చాలామంది మూలాలు ఉత్తరాంధ్రలో ఉన్నాయి. ఆ గడ్డమీదే జముకుల కథ పుట్టింది. జముకు అంటే ఒకవైపు తోలు మూసిన చిన్న గొట్టం. తోలు నడుమ బెజ్జంలోంచి ఓ తీగ బయటికొస్తుంది. దాన్ని చంకలో ఇరికించి, తీగ కొస చేత్తో బిగలాగి, రెండో చేత్తో మీటుతారు. బిగిస్తే స్వరం పైకి పోతుంది, వదిలితే మూలుగుతూ కిందికి జారుతుంది. తెలంగాణలో జమిడికగా ఎల్లమ్మ కథ చెప్పేదీ, బెంగాల్ బావుల్ గాయకుల చేతిలో ఖమక్‌గా పలికేదీ ఈ కుటుంబమే. ఏక్రన్‌లో ఇద్దరు పంచుకున్న పనిని జముకువాడు ఒక్కడే చేస్తాడు. తీగా తనదే, తోలూ తనదే. సంభావన మాత్రం ఒక్కటే ఇస్తారు.