స్టీరింగ్ వదులైతే అశ్రద్ధ తగదు
ఘాట్ ఎక్కే ముందు కారు యజమానులు చూసుకోవలసిన భాగాలు

విజయనగరం: నాతవలస నుంచి విజయనగరం, గజపతినగరం, రామభద్రపురం మీదుగా సాలూరు చేరి, అక్కడి నుంచి ఘాట్ ఎక్కి ఒడిశాలోకి పోయే రోడ్డు పూర్వం నుంచీ లారీల రోడ్డు. ఒకప్పుడు 43వ నెంబరు జాతీయ రహదారిగా ఉన్న ఈ దారి ఇప్పుడు 26వ నెంబరు రహదారి అయింది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లిన సాలూరు, లారీలకూ బాడీలు కట్టే షెడ్లకూ పేరుపడ్డ ఊరు. ఈ రోడ్డు మీదా, ఎస్.కోట నుంచి అనంతగిరి మీదుగా అరకు పోయే ఘాట్ మీదా ఇప్పుడు లారీలతో పాటు పల్లెల నుంచి వచ్చే కార్లు, జీపులు కూడా విరివిగా తిరుగుతున్నాయి. పెళ్లికో, ఆసుపత్రికో, పైడితల్లి అమ్మవారి సిరిమాను సంబరానికో ఇంటిల్లిపాదీ ఒకే బండిలో బయలుదేరడం మామూలైంది.

అయితే పాత కారు కొనేవారు ఇంజను, రంగు, సీట్లు చూసినంత శ్రద్ధగా స్టీరింగు కింది భాగాలను చూడడం లేదు. ఇంజను చెడితే బండి ఆగిపోతుంది. స్టీరింగు జాయింటు ఊడితే మాత్రం బండి ఆగదు, దారి తప్పుతుంది. ఒక పక్క కొండ, మరో పక్క లోయ ఉన్న మలుపులో ఈ తేడా ప్రాణాల మీదికి వస్తుంది.

కందెన లేని ఇరుసు వంటిదే

మారుతి 800 వంటి కార్లలో స్టీరింగ్ తిప్పినప్పుడు కింద ర్యాక్ అనే పళ్ల కడ్డీ కుడికీ ఎడమకీ జరుగుతుంది. పాత జీపుల్లో, లారీల్లో ర్యాక్ బదులు స్టీరింగ్ బాక్సు ఉంటుంది. ఏదైనా ఆ కదలికను ముందు చక్రాలకు అందించేవి టై రాడ్లు. వాటి చివర ఒక ఉక్కు గుండు, దాన్ని పట్టి ఉంచే గిన్నె ఉంటాయి. దీనినే టై రాడ్ ఎండ్ అంటారు. చక్రాన్ని మోసే ఆర్మ్ చివర ఉండే బాల్ జాయింటు కూడా ఇటువంటిదే. మనిషి తుంటి కీలు మాదిరిగా గుండు గిన్నెలో అన్ని వైపులకూ తిరగాలి గాని వదులు కాకూడదు.

ఎడ్లబండి ఇరుసుకు కందెన పెట్టకుండా రైతు ప్రయాణం కట్టడు. ఇక్కడ ఆ కందెన పని గ్రీజు చేస్తుంది. గ్రీజును కాపాడేది పైనున్న రబ్బరు బూటు. బూటు చిరిగితే గ్రీజు బయటికి పోయి, దుమ్ము, వాన నీరు లోపలికి చేరతాయి. ఇసుక రేణువులు ఆకురాయి మాదిరిగా గుండును అరగదీస్తాయి. గతుకుల్లో నీరు నిలిచే మట్టి రోడ్ల మీద తిరిగే బండికి ఈ అరుగుదల తొందరగా వస్తుంది. కాబట్టి వానాకాలానికి ముందొకసారి, తర్వాత ఒకసారి బూట్లు చూసుకోవడం మేలు.

గుర్తులు ఇవీ

స్టీరింగ్ కొంత తిప్పినా చక్రం కదలకపోవడం మొదటి గుర్తు. దీనినే మెకానిక్కులు ‘ప్లే’ అంటారు. తిన్నని రోడ్డు మీద కూడా స్టీరింగును అటూ ఇటూ సరిచేస్తూ ఉండవలసి రావడం రెండవది. గతుకుల్లో నెమ్మదిగా పోతున్నప్పుడు ముందు భాగంలో ‘టక్ టక్’మని చప్పుడు రావడం మూడవది. టైరు మీద అడ్డంగా చేయి రాస్తే ఒక దిక్కున నునుపుగా, తిరిగి రాస్తే రంపపు పళ్లలా గరుకుగా తగలడం, లేదా ఒక అంచే అరిగిపోవడం నాల్గవది.

బండి ఒక పక్కకు లాగుతున్నంత మాత్రాన జాయింటు పోయిందనుకోనక్కరలేదు. టైరులో గాలి తక్కువైనా, బ్రేకు పట్టేసినా అలాగే లాగుతుంది. స్టీరింగ్ వణకడం కూడా చక్రం బ్యాలెన్సు తప్పడం వల్ల కావచ్చు. ముందుగా గాలి చూసుకుంటే అనవసరపు ఖర్చు తప్పుతుంది.

ఇంటి వాకిట్లోనే పరీక్ష

బండిని చదునైన చోట ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనుక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాలి. ఒకరు స్టీరింగును కొద్దిగా అటూ ఇటూ ఆడిస్తుంటే, మరొకరు పక్క నుంచి టై రాడ్ చివరలను గమనించాలి. పవర్ స్టీరింగ్ ఉన్న బండికి ఇంజను నడుస్తుండగా ఈ పరీక్ష చేయాలి. రాడ్డు కదిలినా చక్రం వెంటనే కదలకపోతే జాయింటు అరిగినట్టే.

తర్వాత ఇంజను ఆపి, ముందు చక్రాన్ని జాకీతో లేపి, గడియారంలో మూడు, తొమ్మిది అంకెలు ఉండే చోట్ల రెండు చేతులతో పట్టి ఊపాలి. వదులు తగిలితే టై రాడ్‌ను అనుమానించాలి. పన్నెండు, ఆరు అంకెల చోట ఊగితే బాల్ జాయింటు గాని, చక్రం బేరింగు గాని కారణం. ఒకరు బ్రేకు తొక్కి పట్టినప్పుడు ఆ ఊపు పోతే బేరింగు, పోకపోతే బాల్ జాయింటు అని తెలుస్తుంది. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి ఎవరూ దూరకూడదు.

చట్టం ఏమంటున్నది?

1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 98వ నిబంధన ప్రకారం స్టీరింగులో వదులు 30 డిగ్రీలు మించరాదు. అంటే గడియారంలో పన్నెండు నుంచి ఒంటిగంట వరకు ఉన్నంత దూరం. బాల్ జాయింట్లకు రబ్బరు తొడుగులు ఉండాలని, బోల్టులు, పిన్నులు ఊడకుండా లాక్ అయి ఉండాలని కూడా అదే నిబంధన చెబుతున్నది. అయితే 30 డిగ్రీలు దాటరాని హద్దు మాత్రమే. ర్యాక్ ఉన్న కారులో అంత వదులు వచ్చేదాకా ఆగితే ప్రమాదాన్ని పిలిచినట్టే.

టాక్సీలకు, లారీలకు ఎప్పటికప్పుడు ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది. సొంత కారుకు రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు. అంతవరకు దాని మంచిచెడ్డలు చూసుకోవలసింది యజమానే.

మరమ్మతులో మెలకువలు

అరిగిన టై రాడ్ ఎండ్‌ను, బాల్ జాయింటును మార్చడమే గాని వెల్డింగుతో అతకడం తగదు. వేడికి ఉక్కు గుణం చెడుతుంది. గ్రీజు నిప్పిలు ఉన్న పాత రకం జాయింట్లకు తరచు గ్రీజు పట్టించాలి. సీలు చేసి వచ్చేవాటికి ఆ అవకాశం లేదు. నట్టు బిగించాక పాత కాటర్ పిన్ను తిరిగి పెట్టకుండా కొత్తది వేయించాలి. ఎడ్లబండి చక్రానికి కడశీల ఎంతో, ఈ నట్టుకు ఆ పిన్ను అంత. భాగం మార్చిన తర్వాత వీల్ అలైన్‌మెంట్ చేయించక తప్పదు. ముందు అలైన్‌మెంట్ చేయించి, తర్వాత జాయింటు మారిస్తే రెండుసార్లు ఖర్చు.

నడుస్తుండగా స్టీరింగ్ పట్టు తప్పితే యాక్సిలరేటరు వదిలి, బ్రేకును ఒక్కసారిగా కాక క్రమంగా తొక్కి ఆపాలి. ఆ బండిని మళ్లీ నడపకుండా షెడ్డుకు మోయించాలి.

పాత కారు కొనదలచినవారు బయానా ఇవ్వకముందే నమ్మకమైన మెకానిక్కును వెంట తీసుకుపోయి ఈ జాయింట్లు చూపించుకోవాలి. కారు ఉన్నవారు ఘాట్ ప్రయాణం పెట్టుకుంటే, సామాను సర్దే రోజున గాక ఒక వారం ముందే ఈ పరీక్ష చేసుకుంటే, లోపం బయటపడినా బాగు చేయించుకునే వ్యవధి ఉంటుంది.