మంత్రిగారి సంతకం పడ్డ అర్జీ

మంత్రి పేషీకి చేరే అర్జీలన్నీ మంత్రే చదవాలంటే ఆయనకు వేరే పనేదీ సాగదు. చేతికిచ్చిన కాగితమైనా, తపాలాలో వచ్చినదైనా ముందు సిబ్బంది దగ్గరికే వెళ్తుంది. వాళ్లు ఇన్‌వర్డ్ నంబరు వేసి, ఎవరి గోడు ఏమిటో చూసి, ఏ శాఖకు పంపాలో తేలుస్తారు. ఎమ్మెల్యే సిఫారసు, ఆసుపత్రి ఖర్చుకు సాయం, పొలం తగాదా ఇక్కడే వేర్వేరు దారులు పడతాయి. మంత్రి కలం కదిలేది ఎక్కువగా అర్జీ అంచునే: 'పరిశీలించగలరు', 'తగు చర్య తీసుకోండి'. ఆ ఒక్క ముక్క రాయించుకోవడానికి రెండు బస్సులు మారి వచ్చేవాళ్లున్నారు. సంతకం పడితే పని అయిపోయినట్టేనని వాళ్ల నమ్మకం.

ఆ నమ్మకానికి చట్టంలో ఆధారం తక్కువ. పొలం రికార్డులో పేరు మార్చే అధికారాన్ని చట్టం రెవెన్యూ అధికారికి ఇచ్చింది. ఆ పని మంత్రి చేయలేరు, ఇలాగే చేయమని శాసించలేరు. అలాంటి చిక్కే 1951లో గోర్ధన్‌దాస్ భాంజీ కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. బొంబాయి పోలీసు కమిషనర్ ఒక సినిమా హాలుకు ఇచ్చిన అనుమతిని ప్రభుత్వం చెప్పిందని రద్దు చేస్తే, ఆ రద్దు చెల్లదని కోర్టు తేల్చింది. నిర్ణయం కమిషనర్ సొంత బుద్ధితో జరగాలి, పైవాళ్ల మాటతో కాదన్నది తీర్పు సారం. కాబట్టి అంచున రాసిన ముక్క మహా అయితే ఫైలును కదిలిస్తుంది, ఫలితాన్ని రాసిపెట్టదు. ఇది ప్రజలకు మేలే. ఈ రోజు మీకు అనుకూలంగా రాసిన కలం రేపు మీ పక్క పొలంవాడికీ రాయగలదు కదా!

అయితే ఈ వాదనకు గట్టి అభ్యంతరం ఒకటుంది. అర్జీ పేషీ నుంచి శాఖకు, శాఖ నుంచి జిల్లాకు, జిల్లా నుంచి మండలానికి దిగి, చివరికి ఎవరి మీద ఫిర్యాదో ఆ అధికారి బల్ల మీదికే చేరితే? ఆయన 'నిబంధనల ప్రకారమే చేశాం' అని రాస్తాడు, పైన ఫిర్యాదు పరిష్కారమైనట్టు నమోదవుతుంది. ఈ జబ్బు నిజమే. దీనికి మందు మంత్రి మరింత గట్టిగా రాయడం మాత్రం కాదు. కేంద్రం తన ఫిర్యాదుల పోర్టల్‌లో గడువును 2024 ఆగస్టులో 21 రోజులకు తగ్గించింది, తృప్తి లేకుంటే అప్పీలుకు దారీ ఉంచింది. ఫిర్యాదుకు గురైనవాడి పైఅధికారి జవాబు రాయకపోతే మాత్రం గడువు ఎంత కుదించినా వచ్చేది అదే జవాబు, కాస్త తొందరగా.

గడువు తప్పినందుకు జరిమానా ఎక్కడుందో చూస్తే తేడా తెలుస్తుంది. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద 30 రోజుల్లో జవాబివ్వని అధికారికి రోజుకు 250 చొప్పున 25,000 రూపాయల దాకా జరిమానా పడవచ్చు. మంత్రికిచ్చిన అర్జీకి ఆ రక్షణ లేదు. ఈసారి పేషీకి వెళ్తే జిరాక్సు ప్రతి మీద తేదీ ముద్ర వేయించుకుని, ఇన్‌వర్డ్ నంబరు రాసుకోండి. నెల దాటినా ఉలుకూ పలుకూ లేకపోతే ఆ నంబరుతోనే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. రుసుము 10 రూపాయలు.