మీకు తెలుసా? బత్తెంలో అన్నం మెతుకులున్నాయి

జీతం మీద అదనంగా చేతికొచ్చేదాన్ని ఆఫీసు కాగితాల్లో ‘భత్యం’ అంటాం. కరువు భత్యం, ప్రయాణ భత్యం అలా వచ్చినవే. జనం నోట మాత్రం అది ‘బత్తెం’. ఈ మాట పుట్టింది వంటింట్లో! సంస్కృతంలో ‘భక్తం’ అంటే వండిన అన్నం. అది ప్రాకృతంలో ‘భత్త’ అయింది. హిందీ ‘భాత్’ కూడా ఆ కుదురుదే. కొలువు చేసే మనిషికి రోజు తిండికని ఇచ్చేదే తొలినాటి బత్తెం. జీతం, బత్తెం వేరువేరని మన సామెతకూ తెలుసు: జీతం బత్తెం లేకుండా తోడేలు మేకలు కాస్తానందట.

ఈస్టిండియా కంపెనీ సైన్యంలో ఇదే ‘బత్తా’ అయింది. ప్లాసీ యుద్ధం (1757) తర్వాత బెంగాల్ నవాబు మీర్ జాఫర్ కంపెనీ బెంగాల్ దళానికి రెట్టింపు బత్తా ఇచ్చాడు. తెల్ల అధికారులకు ఆ రుచి బాగా మరిగింది. 1766లో కంపెనీ గవర్నర్ రాబర్ట్ క్లైవ్ దాన్ని ఆపేయగానే వాళ్లు మూకుమ్మడి రాజీనామాలకు దిగారు. క్లైవ్ లొంగలేదు, తిరుగుబాటును అణచేశాడు. కూటి డబ్బు కోసం ఒక సైన్యమే కదిలిపోవడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

ఆ మాట ఇంకా బతికే ఉంది. ఊరు దాటి వెళ్లిన కారు రాత్రికి ఆగితే, బిల్లులో కిలోమీటర్ల లెక్క కింద విడిగా ఒక వరుస రాస్తారు: ‘డ్రైవర్ బత్తా’. ఆ పూట అతని భోజనం ఖర్చు అది.